తోవ తెలిసిన తోడు: మనసు చెదిరి కోలుకొంటున్న యువతకు సాటివారి సేవ

ఈ వారం మనం అధ్యయనం చేయబోయే విషయం సాధారణంగా ఇళ్ళలో తలుపులు వేసుకొని మాట్లాడుకొనేది. 16 నుంచి 25 ఏళ్ళ మధ్య వయసులో కొందరు పిల్లలకు మనసు చెదురుతుంది. ఎదుట ఎవరూ లేకపోయినా మాటలు వినిపిస్తాయి. బస్సులో కూర్చున్నవారంతా తన గురించే చెప్పుకొంటున్నారనీ, టీవీలో వార్తలు చదివే మనిషి తనకే సంకేతాలు పంపుతున్నాడనీ గట్టిగా నమ్ముతారు. నిద్ర పట్టదు, చదువు సాగదు, స్నానం కూడా మానేసి గదిలోనే ఉండిపోతారు. ఈ స్థితిని వైద్యులు సైకోసిస్ అంటారు. ఊళ్ళో అయితే గాలి సోకిందనో, ఎవరో చేతబడి చేశారనో, చదువు ఎక్కువై మతి చెడిందనో అంటారు. గంజాయి వల్లనే అనేవారూ ఉన్నారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. గంజాయి తాగేవారికి, ముఖ్యంగా చిన్న వయసులో మొదలుపెట్టినవారికి, ఈ ప్రమాదం ఎక్కువ. కాని గంజాయి ముఖమైనా చూడని పిల్లలకూ ఇది వస్తుంది.

మందులు ఏమి వాడాలో వైద్యులు చెబుతారు. మన పాఠం ఆ తరువాతి కాలం గురించి. మందులు పనిచేసి, మాటలు వినిపించడం తగ్గి, పిల్లవాడు ఇంటికి వచ్చిన తరువాత అతని పక్కన ఎవరు నిలవాలి?

ఇంటికి వచ్చిన తరువాత

ఇంజనీరింగు రెండవ సంవత్సరంలో జబ్బుపడిన ఒక కుర్రవాణ్ణి ఊహించుకోండి. ఆసుపత్రిలో కొన్ని వారాలు ఉండి ఇంటికి వచ్చాడు. అందరూ తగ్గిపోయిందని సంతోషించారు. కాని అతని మనసులో జరిగేది వేరు. తోటివారు మూడవ సంవత్సరంలోకి వెళ్ళిపోయారు. హాస్టలులో తాను అరిచిన అరుపులు, ఒంటి మీద బట్టలు లేకుండా వరండాలోకి పరుగెత్తిన సంగతి అందరికీ తెలుసు. మందుల వల్ల పగలంతా మత్తు, ఆకలి ఎక్కువై నాలుగు నెలల్లో చొక్కాలు పట్టనంత లావయ్యాడు. అమ్మ రోజూ మాత్రలు లెక్కపెడుతుంది. చుట్టాలు వచ్చినప్పుడు నాన్న మాట మారుస్తాడు. చెల్లెలి పెళ్ళి సంబంధం వెనక్కి పోతే అది తన వల్లనే అని ఇంట్లో ఎవరూ అనరు, కాని అతనికి వినబడుతుంది. ఈసారి వినబడేది జబ్బు మాట కాదు, నిజం మాట.

అతని ప్రశ్నలు మూడు నాలుగే. ఇది మళ్ళీ వస్తుందా? నేను చదవగలనా? నన్ను ఎవరైనా పెళ్ళి చేసుకొంటారా? అసలు నేను ఇక మామూలు మనిషినేనా? ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో వైద్యునికి ఒక్కొక్కరికి ఇవ్వగలిగిన కొద్ది నిమిషాలలో ఈ ప్రశ్నలు బయటికి రావు. అక్కడ అడిగేది నిద్ర పడుతోందా, మాత్రలు వేసుకొంటున్నావా అని. అవి అవసరమైన ప్రశ్నలే.

ఇక్కడ పెద్దలు తప్పక తెలుసుకోవలసిన విషయం ఒకటి ఉంది. మొదటిసారి సైకోసిస్ వచ్చిన తరువాతి ఒకటి రెండేళ్ళలో ఆత్మహత్య ప్రమాదం ఎక్కువ. ఆ ప్రమాదం జబ్బు ముదిరి ఉన్నప్పుడు మాత్రమే ఉంటుందనుకొంటే పొరపాటు. తెలివి తిరిగి వచ్చి, తనకు ఏమి జరిగిందో అర్థమై, ఇక ముందు ఏమీ లేదు అని అనిపించిన రోజుల్లో కూడా అది ఉంటుంది. పిల్లవాడు నిశ్శబ్దంగా ఉన్నాడు గనుక నయమైందని తల్లిదండ్రులు అనుకొనే రోజులే అవి.

సాటి సహాయకుడు అంటే ఎవరు?

ఇటువంటి జబ్బు తనకు వచ్చి, దాని నుంచి కోలుకొని, శిక్షణ పొంది, ఇప్పుడు అదే దారిలో ఉన్న మరొకరికి తోడుగా పనిచేసేవారిని ఇంగ్లీషులో పియర్ సపోర్ట్ వర్కర్ అంటున్నారు. మనం సాటి సహాయకుడు, సహాయకురాలు అందాము. అతను వైద్యుడు కాడు, వార్డుబాయి కాడు, మనస్తత్వ నిపుణుడూ కాడు. ఊరికే స్నేహితుడూ కాడు. స్నేహితుడు తన ఇష్టప్రకారం వస్తాడు, పోతాడు. ఇతనికి వైద్య బృందంలో ఒక స్థానం, ఒక బాధ్యత, పైన ఒక పర్యవేక్షకుడు ఉంటారు. అతనికి ఉన్న అర్హత పుస్తకంలో దొరకనిది. మాటలు వినిపించడం ఎలా ఉంటుందో అతనికి తెలుసు. మందు వేసుకొన్నాక నాలుక మొద్దుబారడం తెలుసు. తిరిగి కాలేజీ గేటు దాటిన మొదటి రోజు కాళ్ళు ఎలా వణుకుతాయో తెలుసు.

ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. పారిస్ నగర శివారులో బిసెత్ర్ అనే ఆసుపత్రి ఉండేది. జాన్ బాప్తిస్త్ పుస్సాన్ అనే తోళ్ళు శుద్ధిచేసే పనివాడు గండమాల వ్యాధితో అక్కడికి రోగిగా వచ్చి, నయమై, అక్కడే ఉద్యోగంలో చేరి, చివరకు మానసిక రోగుల విభాగానికి అధికారి అయ్యాడు. కోలుకొంటున్న రోగులనే అతను పరిచారకులుగా పెట్టుకొనేవాడు. వారు కొట్టరు, కసరరు, రోగి బాధ వారికి తెలుసు అన్నది అతని అనుభవం. 1793లో ఆ ఆసుపత్రికి వచ్చిన ఫిలిప్ పినెల్ అనే వైద్యుడు ఈ పద్ధతి చూసి మెచ్చుకొన్నాడు. 1797లో పుస్సాన్ తన విభాగంలోని రోగుల గొలుసులు తీయించాడు. చరిత్ర పుస్తకాలలో ఆ కీర్తి చాలాకాలం పినెల్‌కే దక్కింది. చదువుకొన్నవాడి పేరు నిలవడం, పనివాడి పేరు మరుగున పడడం లోకంలో కొత్త కాదు.

అక్కడ గొలుసులు తీసిన రెండు వందల ఏళ్ళ తరువాత కూడా మన పొరుగు రాష్ట్రంలో అవి ఉన్నాయి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రయంలో నిప్పు అంటుకొన్నప్పుడు, గొలుసులతో కట్టివేసి ఉన్న మానసిక రోగులు పారిపోలేక 28 మంది మరణించారు. వారిని అక్కడ వదిలినవారు క్రూరులు కారు. ఏమి చేయాలో తెలియని తల్లిదండ్రులు, అన్నదమ్ములు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏ రూపంలోనైనా రోగిని గొలుసుతో కట్టడాన్ని నిషేధించింది.

మెల్బోర్ను పాఠం

1992లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్నులో ఎపిక్ అనే కేంద్రం మొదలైంది. మొదటిసారి సైకోసిస్ వచ్చిన యువత కోసం ప్రత్యేకంగా పెట్టిన కేంద్రం అది. దాని వెనుక ఉన్న ప్రధాన వ్యక్తి పాట్రిక్ మెక్‌గోరీ అనే మానసిక వైద్యుడు. 2010లో ఆయనకు ఆ దేశం ఆ ఏటి మేటి ఆస్ట్రేలియన్‌గా గౌరవమిచ్చింది. అంతకు ముందు ఏమి జరిగేదంటే, 18 ఏళ్ళ పిల్లవాణ్ణి, ఇరవై ముప్పై ఏళ్ళుగా జబ్బుతో ఉన్నవారి వార్డులోనే పడుకోబెట్టేవారు. పిల్లవాడు చుట్టూ చూసేవాడు. పక్క మంచం మీది మనిషిలో తన రేపటిని చూసుకొనేవాడు. ఆ భయమే అతన్ని ఆసుపత్రికి, మందులకు దూరం చేసేది.

సాటి సహాయకుని పని ఈ దృశ్యాన్ని తిరగవేయడమే. పక్క మంచం వైపు కాక, ఎదురుగా కుర్చీలో కూర్చున్న ఇరవై నాలుగేళ్ళ మనిషి వైపు చూడమంటుంది. ఆ మనిషి మూడేళ్ళ క్రితం ఇదే వార్డులో ఉన్నాడు. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాడు, సినిమాలకు వెళుతున్నాడు, రాత్రి ఒక మాత్ర వేసుకొంటున్నాడు. మెల్బోర్నులో వైద్యం పొంది కోలుకొన్న యువతనే ఆ తరువాత జీతమిచ్చి ఇటువంటి పనికి నియమించారు. వారు వార్డులో కొత్తగా చేరినవారి వద్దకు వెళ్ళి కూర్చోవడం, కబుర్లు చెప్పడం చేస్తారు. పెద్ద పనిగా కనబడదు. కాని ఆ పిల్లవాడు ఆ రోజంతటిలో జబ్బు గురించి కాని మాట మాట్లాడింది ఆ ఒక్క గంటే కావచ్చు.

అమెరికాలో 2008లో జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ రెయిజ్ అనే పెద్ద అధ్యయనాన్ని తలపెట్టింది. అందులోని ఒక భాగంలో 21 రాష్ట్రాలలోని 34 చికిత్సా కేంద్రాలలో 404 మంది పాల్గొన్నారు. జబ్బు మొదలైన నాటి నుంచి సరైన వైద్యం అందేవరకు గడిచిన కాలం చూస్తే, వారిలో సగం మందికి అది 74 వారాలు దాటింది. అంటే దాదాపు ఏడాదిన్నర. అమెరికాలోనే ఇలా ఉంటే మన పల్లెల సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆ అధ్యయనం నుంచి పుట్టిన న్యూయార్కు రాష్ట్ర కార్యక్రమంలో వైద్యుడు, నర్సు, చదువు ఉద్యోగాల సలహాదారులతో పాటు సాటి సహాయకుడు కూడా బృందంలో ఒకడు. ఈ ఉద్యమానికి అమెరికాలో ఎంతో బలమిచ్చిన పాట్రిషియా డీగన్‌కు చిన్న వయసులోనే స్కిజోఫ్రీనియా అని వైద్యులు నిర్ధారించారు. ఆమె తరువాత మనస్తత్వ శాస్త్రంలో డాక్టరేటు పొందారు. మెల్బోర్నులోను, న్యూయార్కులోను మన తెలుగు పిల్లలు వేలమంది చదువుకొంటున్నారు. ఊరు వదిలి దూర దేశం వెళ్ళినవారిలో ఈ జబ్బు ఎక్కువగా కనబడుతుందని అనేక దేశాల పరిశోధనలు చూపాయి. అక్కడ పిల్లలున్న తల్లిదండ్రులు, ఫోనులో మాట తీరు మారినప్పుడు, అక్కడి కాలేజీలో ఇటువంటి సేవ ఉందేమో అడగమని చెప్పవచ్చు.

పని ఎలా ఉంటుంది?

సాటి సహాయకుడు ఎక్కువగా చేసేది కలిసి వెళ్ళడం. టీ కొట్టు వరకు నడవడం, బస్సెక్కి కాలేజీ ఆఫీసుకు వెళ్ళి ఆగిపోయిన పరీక్షల ఫీజు కనుక్కోవడం, జిమ్ములో మొదటి రోజు పక్కన నిలబడడం. మాటలు ఆ నడకలోనే వస్తాయి. ఎదురెదురుగా కూర్చోబెట్టి నీ బాధ చెప్పు అంటే ఏ కుర్రవాడూ చెప్పడు.

"అన్నా, నాకు మళ్ళీ వస్తుందా?" అని తమ్ముడి వయసువాడు అడిగాడనుకోండి. అబద్ధం చెప్పకూడదు. "రావచ్చురా. నాకు రెండోసారి వచ్చింది. మొదటిసారి ఎలా మొదలైందో అప్పటికి నాకు తెలుసు కాబట్టి వారంలోనే డాక్టరు దగ్గరికి పోయాను, ఆసుపత్రిలో పడుకోకుండానే తగ్గింది. నీకు మొదట ఏం మారింది, నిద్రా?" ఈ జవాబులో భయపెట్టడం లేదు, బుజ్జగించడం లేదు. చివరి ప్రశ్న పని మొదలుపెట్టింది. అక్కడి నుంచి ఇద్దరూ కలిసి ఒక కాగితం మీద ముందస్తు గుర్తులు రాసుకొంటారు. రెండు రాత్రులు వరుసగా నిద్ర లేకపోవడం, ఫోను తీయకపోవడం, అమ్మ వండిన కూర మీద అనుమానం. ఏ గుర్తు కనబడితే ఎవరికి ఫోను చేయాలో పక్కన రాస్తారు. ఆ కాగితం అమ్మ దగ్గర ఒకటి, అతని జేబులో ఒకటి.

మందుల విషయంలో సాటి సహాయకుని నోటికి గట్టి కట్టడి ఉంటుంది. తాను మాత్రలు మానేసి బాగానే ఉన్నా, మానేయమని చెప్పకూడదు. 1999లో న్యూయార్కు నుంచి వెలువడిన ఒక అధ్యయనంలో, మొదటిసారి జబ్బుపడి కోలుకొన్న 104 మందిని గమనించారు. అయిదేళ్ళలో నూటికి 80 మందికి పైగా జబ్బు తిరగబెట్టింది; మందులు మానినవారికి ఆ ప్రమాదం దాదాపు 5 రెట్లు ఎక్కువ. అయితే మందు వేసుకోరా అని పోలీసులా గద్దించడమూ అతని పని కాదు. ఆ పని ఇంట్లో అందరూ చేస్తూనే ఉన్నారు. మాత్ర వల్ల మత్తు వస్తోందని, లావవుతున్నానని, మగతనం గురించి భయంగా ఉందని కుర్రవాడు డాక్టరుకు చెప్పలేడు. అమ్మ పక్కనే ఉంటుంది. ఆ మాట డాక్టరు ముందు ఎలా ఎత్తాలో నేర్పడం, అవసరమైతే లోపలికి వెంట వెళ్ళడం సాటి సహాయకుడు చేయగలడు. మోతాదు తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు అన్న సంగతి తెలియక మొత్తం మానేసేవారు ఎందరో.

తన కథ చెప్పుకోవడం గురించి కూడా శిక్షణ ఇస్తారు. కూరలో ఉప్పు వంటిది అది. ఎదుటివాడికి పనికివచ్చేంత వేయాలి, అంతకు మించితే కూర పాడవుతుంది. అరగంటసేపు తన ఆసుపత్రి రోజుల గురించి చెప్పి వచ్చినవాడు ఆ రోజు సహాయం పొందాడే గాని చేయలేదు. ఇక రహస్యాల సంగతి. చెప్పిన మాట బయటికి పోదు అని మాట ఇవ్వాలి. ఒక్క మినహాయింపు మొదటి రోజే స్పష్టంగా చెప్పాలి: ప్రాణం తీసుకోవాలనో, మరొకరిని గాయపరచాలనో ఆలోచన ఉంటే, ఆ మాట బృందానికి చెప్పి తీరతాను అని. ఆ ఆలోచన ఉందేమోనని సూటిగా అడగడం కూడా నేర్పుతారు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనలో ఒక భయం ఉంది. అది నిజం కాదు. అడిగినప్పుడు చాలామందికి బరువు దిగినట్లవుతుంది.

ఫలితం ఎంత?

ఈ సేవ వల్ల మేలు జరుగుతుందా అని కొలిచి చూసినవారు ఉన్నారు. ఇంగ్లండులో మానసిక సంక్షోభం నుంచి బయటపడిన 441 మందితో జరిపిన ఒక పరీక్ష 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. సాటి సహాయకులు కొద్ది నెలలు కలుస్తూ, కోలుకొనే ప్రణాళిక పుస్తకం పూర్తిచేయించినవారిలో ఏడాదిలోపు మళ్ళీ అత్యవసర వైద్యం అవసరమైనది నూటికి 29 మందికి; పుస్తకం మాత్రమే పోస్టులో అందుకొన్నవారిలో 38 మందికి. పుస్తకం ఒకటే, తేడా మనిషి. కాని 2022లో అదే దేశంలో 590 మందితో జరిగిన మరో పరీక్షలో, ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళేవారికి సాటి సహాయం ఇచ్చినా తిరిగి చేరడం చెప్పుకోదగినంత తగ్గలేదు. మెల్బోర్నులో 170 మంది యువతకు ఏడాదిన్నరపాటు, సాటివారు కూడా పాల్గొనే ఒక కంప్యూటర్ వేదిక ద్వారా తోడ్పాటు ఇచ్చి చూశారు. 2021లో ప్రకటించిన ఫలితాల ప్రకారం నలుగురిలో కలిసి మెలగడంలో తేడా కనబడలేదు, చదువులోనో ఉద్యోగంలోనో చేరినవారు మాత్రం ఎక్కువయ్యారు.

ఈ లెక్కలను బట్టి నా అభిప్రాయం ఇది. సాటి సహాయం మందు స్థానంలో నిలబడదు, నిలబెట్టకూడదు. జబ్బు లక్షణాలను అది తగ్గిస్తుందని ఆశించేవారు నిరాశపడతారు. అది తాకేది ఆశను, ధైర్యాన్ని, తిరిగి బడికి పోవడాన్ని. ఆసుపత్రి లెక్కల పుస్తకంలో వాటికి గడి లేదు. అంతమాత్రాన వాటికి విలువ లేదనుకోవడం కుదరదు.

మన దగ్గర

చెన్నైలో డాక్టర్ శారదా మీనన్ 1984లో స్థాపించిన స్కార్ఫ్ సంస్థ, కెనడాలోని మాంట్రియల్ బృందంతో కలిసి, మొదటిసారి సైకోసిస్ వచ్చినవారిని రెండేళ్ళు గమనించింది. మాటలు వినిపించడం వంటి లక్షణాలు రెండు చోట్లా ఒకే విధంగా తగ్గాయి. ఉత్సాహం లేకపోవడం, ముభావంగా ఉండిపోవడం వంటివి మాత్రం చెన్నైలో మెరుగ్గా తగ్గాయి. చెన్నైలో కుటుంబాలు వైద్య బృందంతో ఎక్కువ సంబంధం పెట్టుకొన్నాయి. మన ఇళ్ళ బలం ఇది. బలహీనత కూడా ఇందులోనే ఉంది. అమ్మ లేకుండా ఒక్క మాట మాట్లాడే చోటు మన పిల్లలకు లేదు. కుటుంబం ఎంత గట్టిగా ఉంటే సాటి సహాయకుని అవసరం అంత తక్కువ అని కొందరంటారు. నాకు అలా తోచదు.

2014 నుంచి గుజరాత్ ప్రభుత్వ మానసిక వైద్యశాలలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి ప్రకారం జరిగిన ఒక కార్యక్రమంలో, కోలుకొన్నవారి సాయంతో సాటివారి బృందాలు ఏర్పడ్డాయి. ఆ తరువాత జర్మనీ, ఉగాండా, టాంజానియా, ఇజ్రాయెల్‌లతో పాటు మన దేశాన్నీ కలుపుకొని సాటి సహాయంపై మరో పెద్ద అధ్యయనం జరిగింది. ఇక్కడ దానికి కేంద్రం పుణె. కాబట్టి ఇది డబ్బున్న దేశాల ముచ్చట మాత్రమే కాదు.

చిక్కులు లేవని చెప్పడం లేదు. అన్నిటికంటే పెద్దది జీతం. కోలుకొన్న పిల్లవాడు గనుక సేవాభావంతో ఊరికే చేస్తాడులే అనుకొంటే, కొన్నాళ్ళకు అతన్ని కాఫీలు తేవడానికి, ఫైళ్ళు మోయడానికి వాడుకొంటారు. అమెరికాలోని జార్జియా రాష్ట్రం 1999లో పేదల ఆరోగ్య పథకం నిధుల నుంచి ఈ పనికి వేతనం ఇవ్వడం మొదలుపెట్టిన తరువాతే అక్కడ ఇది వృత్తిగా నిలబడింది. రెండవది, సహాయకుడికే జబ్బు తిరగబెట్టవచ్చు. అందుకు ముందుగానే ఏర్పాటు ఉండాలి: సెలవు, తిరిగి చేరే హక్కు, వారం వారం మనసు విప్పి మాట్లాడుకొనే పర్యవేక్షకుడు. మూడవది పెళ్ళి. "నేను సాటి సహాయకుణ్ణి" అని చెప్పడమంటే తన జబ్బు సంగతి ఊరంతటికీ చెప్పడమే. సంబంధాలు చూసే ఇంట్లో ఈ మాట ఎంత బరువో మీకు తెలుసు. అందుచేత ఈ పనిలోకి రమ్మని ఎవరినీ, ముఖ్యంగా నిన్న మొన్న కోలుకొన్నవారిని, ఒత్తిడి చేయకూడదు. ఆడపిల్లల విషయంలో మరీ జాగ్రత్త అవసరం. పెళ్ళి మాటలలో జబ్బు సంగతి దాచడం మంచిది కాదన్నది వేరే విషయం. ఎప్పుడు, ఎవరికి, ఎంత చెప్పాలో నిర్ణయించుకొనేది ఆ అమ్మాయే.

మా అబ్బాయి పేరు బయటపడుతుందేమో అని వెనుకాడే తల్లిదండ్రులకు ఒక మాట. 2017 చట్టం ప్రకారం మానసిక వైద్యం పొందుతున్నవారి వివరాలు గోప్యంగా ఉంచవలసిన బాధ్యత వైద్యం చేసేవారిది. ఆసుపత్రి తరపున పనిచేసే సాటి సహాయకుడూ ఆ గోప్యత పాటించవలసినవాడే. ముందు ఫోనులో మాట్లాడి చూడాలనుకొంటే, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్ సేవ ఉంది. 14416 నంబరుకు పగలు గాని రాత్రి గాని, ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఏ లక్షణాలు ఎప్పటి నుంచి ఉన్నాయో, నిద్ర ఎలా ఉందో, ఏ మందులు వాడుతున్నారో ఒక కాగితం మీద రాసి దగ్గర పెట్టుకొని ఫోను చేయండి. దగ్గరలోని ఆసుపత్రిలో కోలుకొన్నవారి బృందం ఏదైనా కలుస్తోందా అని కూడా అడగండి.